మా పన్నులతో మీకు పథకాలా? ఆ గొడవ వెనకున్న లెక్క

బడ్జెట్ పెట్టిన వారం ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఈ మాట కనబడుతుంది: "మేం పన్నులు కడితే వాళ్లకు ఫ్రీ బస్సు, ఫ్రీ కరెంటు." కిందనే ఇంకొకరి జవాబు: "మీరొక్కరే కడుతున్నారా? సబ్బు బిళ్ల కొన్నా మేమూ కడుతున్నాం." మూడో మనిషి వచ్చి తెలంగాణ రాష్ట్రం ఏడు లక్షల కోట్ల అప్పులో మునిగిందంటాడు. నాలుగో మనిషి అదంతా అబద్ధం, మూడు లక్షల కోట్లేనంటాడు. ఆ తర్వాత లెక్కలు పక్కకు పోయి పార్టీలు మొదలవుతాయి.

ఈ నలుగురి మాటల్లోనూ కొంత నిజముంది. కేంద్రం పన్నును, రాష్ట్రం పన్నును, ఇవాళ్టి ఖర్చును, రేపటి అప్పును ఒకే గాటన కట్టి మాట్లాడటంతోనే చిక్కంతా వస్తోంది. ఒక్కొక్కటి విడదీసి చూస్తే గొడవ పూర్తిగా తీరకపోవచ్చు గానీ, దేని మీద గొడవపడుతున్నామో తెలుస్తుంది.

పన్ను కట్టేది ఎవరు

పన్నులు రెండు రకాలు. మన ఆదాయం చూసి నేరుగా మన దగ్గర వసూలు చేసేది ప్రత్యక్ష పన్ను. ఆదాయపు పన్ను ఇందులోకే వస్తుంది. వస్తువు ధరలో కలిసిపోయి, కొన్న ప్రతి ఒక్కరి దగ్గరా వసూలయ్యేది పరోక్ష పన్ను. జీఎస్టీ, పెట్రోలు మీద వ్యాట్, మద్యం మీద ఎక్సైజ్ ఈ కోవలోవి.

ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. ఒకరు వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీ, నెలకు 15 వేల సంపాదన. ఇంకొకరు హన్మకొండలో నెలకు లక్ష జీతమున్న ఉద్యోగి. 2025 కేంద్ర బడ్జెట్‌లో కొత్త విధానం కింద 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేకుండా చేశారు. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్‌తో (పన్ను లెక్కకు ముందే జీతంలోంచి తీసేసే 75 వేలతో) కలిపి 12.75 లక్షల వరకు లేదు. కాబట్టి 2025-26లో ఈ ఇద్దరి ఆదాయపు పన్నూ సున్నానే.

ఇక పెట్రోలు సంగతి. 2025 ఏప్రిల్‌లో పెంచిన తర్వాత కేంద్ర ఎక్సైజ్ లీటరుకు 21 రూపాయల 90 పైసలు అయింది. దాని మీద తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. లీటరు 107 రూపాయలు అనుకుంటే వ్యాట్ సుమారు 27 రూపాయలు. రెండూ కలిపితే లీటరుకు దాదాపు 49 రూపాయలు పన్నే. హమాలీ బండికి నెలకు 15 లీటర్లు పడితే 735 రూపాయలు కడుతున్నట్టు. ఉద్యోగి కారుకు 50 లీటర్లు పడితే 2,450 రూపాయలు. రూపాయల్లో చూస్తే ఉద్యోగిది మూడింతలకు పైనే. సంపాదనలో వాటాగా చూస్తే హమాలీది దాదాపు 5 శాతం, ఉద్యోగిది రెండున్నర శాతం. పరోక్ష పన్ను గురించి ఆర్థికవేత్తలు ఎప్పటినుంచో పెట్టే పేచీ ఇదే: పెట్రోలు బంకులో మీటరు జేబు చూడదు.

అలాగని "అందరం సమానంగానే కడుతున్నాం" అన్నా లెక్క తప్పుతుంది. ఏడాదికి 20 లక్షల జీతమున్న మనిషిని తీసుకోండి. 75 వేల డిడక్షన్ పోను 19.25 లక్షల మీద శ్లాబుల ప్రకారం పన్ను 1,85,000. దాని మీద 4 శాతం సెస్సు, అంటే ఒక ప్రత్యేక అవసరం పేరుతో వేసే అదనపు పన్ను, 7,400. మొత్తం 1,92,400 రూపాయలు జీతంలోంచి కోసుకుని పోతాయి. ఈయన కోపానికి కారణం లేకపోలేదు. అయితే ఆ పైసలు ఎటు పోతున్నాయన్న దగ్గర కథ మారుతుంది.

కట్టిన పైసలు ఎవరి ఖాతాలో పడతాయి

ఆదాయపు పన్ను కేంద్రానిది. కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో కొంత వాటా రాష్ట్రాలకు పంచాలి. ఎంత పంచాలి, ఎవరికెంత అన్నది రాజ్యాంగంలోని 280వ అధికరణ కింద ఏర్పడే ఆర్థిక సంఘం సిఫార్సు చేస్తుంది. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పనిచేసిన 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం అంది. అందులో తెలంగాణ వాటా 2.102 శాతం. ఈ లెక్క 2025-26 వరకు నడిచింది. ఆ తర్వాతి ఐదేళ్లు 16వ సంఘానివి.

ఇప్పుడు ఆ 20 లక్షల జీతగాడి 1,85,000 చూడండి. 41 శాతం అంటే 75,850 రూపాయలు రాష్ట్రాల మూటలోకి వెళ్తాయి. అందులో 2.102 శాతం అంటే సుమారు 1,600 రూపాయలు. ఆయన కట్టిన ఆదాయపు పన్నులో పంపకం దారిలో హైదరాబాద్ ఖజానాకు చేరేది స్థూలంగా అంతే. 7,400 సెస్సులో పంపకమే లేదు. సెస్సులు, సర్‌చార్జీలు రాజ్యాంగం ప్రకారం పూర్తిగా కేంద్రానివే. పెట్రోలు ఎక్సైజ్‌లోనూ ఇదే తంతు: 21.90లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన ప్రాథమిక ఎక్సైజ్ రూపాయి 40 పైసలు. మిగతాది రకరకాల సెస్సులు, అదనపు ఎక్సైజ్ పేరుతో ఉంటుంది.

హమాలీ లీటరు పెట్రోలు మీద కట్టిన 27 రూపాయల వ్యాట్ మాత్రం మొత్తంగా రాష్ట్ర ఖజానాలోకే పోతుంది. రాష్ట్రం సొంత పన్ను ఆదాయంలో పెద్దవి ఇలాంటివే: జీఎస్టీలో రాష్ట్ర భాగం, పెట్రోలు, డీజిల్, మద్యం మీద వ్యాట్, మద్యం ఎక్సైజ్, భూముల రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. మద్యం సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, 2023లో 2,620 షాపుల కోసం లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తు రుసుము 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగి ఇవ్వరు. చుక్క మందు అమ్మకముందే 2,600 కోట్లు దాటింది.

కాబట్టి రాష్ట్ర పథకాల విషయంలో "నా ఆదాయపు పన్నుతో ఫ్రీ బస్సు" అన్నది చాలావరకు గురి తప్పిన బాణం. ఖజానాలో పడ్డ రూపాయి మీద పేరు రాసి ఉండదు, ఏది దేనికి ఖర్చయిందో ఎవరూ తేల్చలేరు. అయినా ఆ ఖజానాను ఎక్కువగా నింపేది బంకులు, బార్లు, బజార్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు.

మిగిలిన 59 శాతం గాల్లో కలిసిపోతుందనుకోవడమూ పొరపాటే. కాజీపేట మీదుగా పోయే రైలు, ములుగు మీదుగా సాగే 163 నంబరు జాతీయ రహదారి, పీఎం కిసాన్, రేషన్ బియ్యంలో కేంద్రం భాగం, సరిహద్దులో సైన్యం అన్నీ అందులోంచే. 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేసిన కాజీపేట రైల్వే తయారీ యూనిట్ కూడా పంపకం లెక్కలో కనిపించదు. వీటన్నిటినీ కలిపి తెలంగాణకు ఎంత తిరిగొచ్చిందో చెప్పమంటే ఢిల్లీ ఒక అంకె చెబుతుంది, హైదరాబాద్ ఇంకో అంకె చెబుతుంది.

సిమెంటు బస్తా చౌకయితే నష్టం ఎవరికి

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. 12, 28 శాతం పోయి ప్రధానంగా 5, 18 మిగిలాయి. విలాస వస్తువులకు 40 శాతం పెట్టారు. సిమెంటు 28 నుంచి 18కి దిగింది. పన్ను లేకుండా బస్తా 280 రూపాయలు అనుకుంటే అంతకుముందు పన్ను 78 రూపాయల 40 పైసలు, ఆ తర్వాత 50 రూపాయల 40 పైసలు. మడికొండలో ఇల్లు కట్టుకుంటూ 600 బస్తాలు వాడేవాళ్లకు 16,800 రూపాయలు మిగులు. కంపెనీ పూర్తిగా ధర తగ్గించిందా లేదా అన్నది వేరే సంగతి.

జీఎస్టీలో సగం రాష్ట్రానిది కాబట్టి ఆ 28 రూపాయల్లో 14 తెలంగాణ వదులుకున్నట్టే. తగ్గిన ధరకు అమ్మకాలు పెరిగి ఆ లోటు పూడుతుందని కేంద్రం వాదన. అమ్మకాలు పెరిగేదాకా జీతాలు, పింఛన్లు ఆగవు కదా, ఆ లోపు పరిహారం ఇవ్వండని కొన్ని రాష్ట్రాల వాదన. 2017లో జీఎస్టీ మొదలైనప్పుడు ఏటా 14 శాతం పెరుగుదలకు హామీ ఇచ్చి, ఐదేళ్లు పరిహారం ఇచ్చారు. ఆ హామీ 2022 జూన్‌తో ముగిసింది.

ఇంకో మెలిక ఉంది. జీఎస్టీ తయారైన చోటుకు కాదు, వాడిన చోటుకు చేరుతుంది. బసంత్‌నగర్‌లో తయారైన సిమెంటు కరీంనగర్‌లో వాడితే రాష్ట్ర భాగం తెలంగాణకు. నాగ్‌పూర్ పోతే మహారాష్ట్రకు.

అదే రోజు బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది, టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు పోయింది. టన్ను 3,000 ధర ఉన్న బొగ్గుకు పాత పన్ను 550, కొత్త పన్ను 540. అంటే శాతం మూడింతలు దాటినా పన్ను పది రూపాయలు తగ్గింది. అదే 4,000 ధర ఉన్న బొగ్గుకు 600 నుంచి 720కి పెరిగింది. భూపాలపల్లి, రామగుండం వైపు సింగరేణి బొగ్గు మీద ఈ మార్పు భారమా, ఊరటా అన్నది గ్రేడును బట్టి ఉంటుంది. శాతం ఒక్కటే చూసి రాసిన హెడ్డింగుల మీద నాకైతే నమ్మకం తక్కువ.

"మన పైసలు మనకే": ఈ వాదన ఎక్కడ దాకా పోతుంది

14వ ఆర్థిక సంఘం కాలంలో తెలంగాణ వాటా 2.437 శాతం. 15వ సంఘం దగ్గరికి వచ్చేసరికి 2.102కి దిగింది. పంపకానికి సంఘం పెట్టుకున్న కొలమానాల్లో పెద్దది, 45 శాతం బరువున్నది, తలసరి ఆదాయంలో వెనకబాటు. ఎంత పేద రాష్ట్రమైతే అంత ఎక్కువ వాటా. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలని రాష్ట్రమే గొప్పగా చెప్పుకుంది. ఆ గొప్పే పంపకంలో ఎదురు తిరిగింది. మిగతా బరువు జనాభా, విస్తీర్ణం, అడవులు, జనాభా అదుపు, పన్నుల వసూలు శ్రద్ధకు ఉంది.

దక్షిణాది రాష్ట్రాల వాదన సూటిగా ఉంది. బాగా సంపాదించినందుకు, జనాభాను అదుపులో పెట్టినందుకు శిక్షిస్తారా? అవతలి వాదనా తేలికైనదేమీ కాదు. బిహార్‌లో పుట్టిన పిల్లకు బడి, ఆస్పత్రి అందాలంటే దేశం పైసలు అటు పోవాల్సిందే. పైగా ఆ కూలీలే ఇక్కడి రైస్ మిల్లుల్లో, అపార్టుమెంటు పనుల్లో చెమటోడుస్తున్నారు.

మన వరంగల్‌లో ఈ చర్చ వచ్చినప్పుడు ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటుంది. "ఎవరు కట్టిన పన్ను వాళ్లకే" అన్న సూత్రాన్ని రాష్ట్రం లోపల కూడా పెడితే? రాష్ట్ర ఆదాయంలో సింహభాగం హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ వైపు నుంచే వస్తుంది. ఆ లెక్కన ములుగు ఏజెన్సీకి రోడ్డు రాదు, ఎంజీఎం ఆస్పత్రికి మందులూ రావు. ఢిల్లీ ముందు మనం సంపాదించే రాష్ట్రం. హైదరాబాద్ ముందు అడిగే జిల్లాలం. రెండు చోట్లా ఒకే సూత్రం పట్టుకుంటే ఒక దగ్గర మనకే దెబ్బ.

ఉచితమా, రాయితీనా, పెట్టుబడా

2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో రెవెన్యూ వ్యయం 2,26,982 కోట్లు, మూలధన వ్యయం 36,504 కోట్లు. మిగతాది ఎక్కువగా పాత అప్పుల అసలు కట్టడానికి, అప్పుగా ఇవ్వడానికి పోతుంది. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, రాయితీలు రెవెన్యూ వ్యయం. రోడ్డు, చెరువు, భవనం లాంటి ఆస్తి మిగిల్చేది మూలధన వ్యయం.

"మొదటిది తిండి ఖర్చు, రెండోది పెట్టుబడి, కాబట్టి రెండోదే మంచిది" అన్నది టీవీ చర్చల్లో తరచూ వినబడే మాట. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021 జూన్‌లో శంకుస్థాపన చేశారు. ఆ భవనం మూలధన వ్యయం. లోపల పనిచేసే డాక్టరు, నర్సు జీతం, మందుల బిల్లు రెవెన్యూ వ్యయం. రెండోది లేకపోతే మొదటిది ఎత్తైన గోడ. అలాగే మూలధనం పేరు పెట్టినంత మాత్రాన పెట్టిన పైసలు తిరిగి రావు. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు వ్యయం 81,911 కోట్లని రాష్ట్రం మొదట కేంద్రానికి చెప్పింది, అది 1,47,427 కోట్లు దాటేలా ఉందని ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో లెక్కగట్టింది. ఆ ప్రాజెక్టులో రూపాయి పెడితే వచ్చే ప్రయోజనం 52 పైసలేనని కూడా చెప్పింది. 2023 అక్టోబరులో మహదేవపూర్ మండలంలోని ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగిన సంగతి అందరికీ తెలిసిందే. ప్రాజెక్టును సమర్థించేవాళ్లు నీటిని, పెరిగిన వరి సాగును, భూముల ధరలను చూపిస్తారు. వాటికీ విలువ కట్టాలంటారు.

రెవెన్యూ వ్యయంలోకి వచ్చే మహాలక్ష్మి, అంటే మహిళలకు ఉచిత బస్సు, 2023 డిసెంబరు 9న మొదలైంది. నర్సంపేట వైపు నుంచి మిర్చి తొడిమలు తీసే పనికి రోజూ వరంగల్ వచ్చే ఆమెను అనుకోండి. పోను రాను చార్జీ 100, కూలి 400 అయితే, జీరో టికెట్‌తో ఆమె చేతిలో నెలకు 25 పని రోజులకు 2,500 మిగులుతుంది. పని కోసం పది కిలోమీటర్లు ఎక్కువ వెళ్లే ధైర్యమూ వస్తుంది. ఇది పెట్టుబడే అంటారు సమర్థించేవాళ్లు. వ్యతిరేకించేవాళ్లు మూడు మాటలంటారు: నెలకు 80 వేల జీతమున్న టీచరమ్మకూ జీరో టికెట్ ఎందుకు, రాష్ట్రం ఆర్టీసీకి ఆ చార్జీలు సమయానికి కట్టకపోతే కొత్త బస్సులు ఎలా వస్తాయి, గిరాకీ పోయిన ఆటో డ్రైవరు సంగతేంటి. పథకం మొదలైన నెలలోనే ఆటోవాళ్లు రోడ్డెక్కారు. ఆదాయం చూసి ఇస్తే టీచరమ్మను తప్పించొచ్చు. అప్పుడు కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మిర్చి పనికి వెళ్లే ఆమే.

రాష్ట్రం ఇచ్చే రైతు భరోసా పెట్టుబడి సాయంలో ఈ "ఎవరికి" అన్న ప్రశ్న ఇంకా గట్టిగా వస్తుంది. ఎకరానికి సీజనుకు 6,000. మూడెకరాల పరకాల రైతుకు ఏడాదికి 36,000, పదెకరాలుంటే 1,20,000. పాసుపుస్తకం లేని కౌలు రైతుకు సున్నా. పీఎం కిసాన్ ఎకరాలు చూడకుండా కుటుంబానికి ఏటా 6,000 ఇస్తుంది. ఒకటి భూమిని బట్టి, ఇంకొకటి కుటుంబాన్ని బట్టి. సాగు ఖర్చు ఎకరాలను బట్టే ఉంటుంది కాబట్టి మొదటిదే సబబని ఒక వాదన. చెమట చిందించేది కౌలుదారైతే పైసలు పట్టాదారుకు పోవడం ఏమిటని ఇంకో వాదన.

వదిలేసిన పన్ను కూడా ఒక రకం ఖర్చే. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు, ఏడాదికి 1,45,000 కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయన్నది దాని ఆశ. గీసుగొండలోని టెక్స్‌టైల్ పార్కులో కంపెనీలకు ఇచ్చే రాయితీల వెనకా అదే ఆశ. బస్సు టికెట్టయినా, కంపెనీ పన్నయినా అడగాల్సింది ఒకటే: ఇచ్చినదానికి ఏం వచ్చింది? బస్సును మాత్రం ఉచితమని, రెండోదాన్ని ప్రోత్సాహకమని పిలవడం మనకు అలవాటైపోయింది.

అప్పు మూడు లక్షల కోట్లా, ఏడు లక్షల కోట్లా

2023 డిసెంబరు 20న కొత్తగా వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టి మొత్తం అప్పు 6,71,757 కోట్లంది. నాలుగు రోజులకు, అంతకుముందు అధికారంలో ఉన్న బీఆర్ఎస్ స్వేదపత్రం (చెమట పత్రం) పేరుతో బదులిచ్చి దాదాపు 3.17 లక్షల కోట్లేనంది. ఒకే రాష్ట్రం, ఒకే నెల. ఇంత తేడా ఎలా వచ్చిందో శ్వేతపత్రం అంకెను నాలుగు ముక్కలు చేస్తే అర్థమవుతుంది.

బడ్జెట్‌లో చూపించి, రాష్ట్ర అప్పులకు హద్దు పెట్టే ద్రవ్య బాధ్యత చట్టం పరిధిలో తెచ్చిన అప్పు 3,89,673 కోట్లు. కార్పొరేషన్లు తెచ్చి, ప్రభుత్వం హామీ ఇచ్చి, ప్రభుత్వమే తీరుస్తున్నది 1,27,208 కోట్లు. హామీ ప్రభుత్వానిదే అయినా కార్పొరేషనే తీర్చాల్సింది 95,462 కోట్లు. హామీ కూడా లేకుండా ప్రభుత్వ సంస్థలు తెచ్చుకున్నది 59,414 కోట్లు. ఈ నాలుగూ కూడితే సరిగ్గా 6,71,757.

మొదటిది అప్పే, అందులో పేచీ లేదు, అంకె దగ్గర తప్ప. ఆ మొత్తం బడ్జెట్ అంచనా మీద వేసిందని, ఏడాది పూర్తికాని అప్పును కలిపారని ఎదురు వాదన రావచ్చు. రెండోదాన్ని అప్పు కాదనడం కష్టం. కాళేశ్వరం కార్పొరేషన్‌కు కిస్తీలు కట్టేంత సొంత ఆదాయం లేదు. కార్పొరేషన్ పేరుతో తెచ్చినా కట్టాల్సింది బడ్జెట్టే. అందుకే ఇలాంటి అప్పులను రాష్ట్ర రుణ పరిమితిలో కలిపి లెక్కిస్తామని కేంద్రం కొన్నేళ్లుగా పట్టుబడుతోంది. అసలు తగాదా చివరి రెండింటి మీద. వడ్లు కొనడానికి పౌరసరఫరాల సంస్థ బ్యాంకు నుంచి తెచ్చి, బియ్యం పైసలు వచ్చాక కట్టేసే అప్పును రాష్ట్రం నెత్తిన రాయడం పెంచి చెప్పడమేనని బీఆర్ఎస్ వైపు వాదన. ఆ సంస్థ రేపు కట్టలేకపోతే పడేది ఎవరి మీద అన్నది ఇటు ప్రశ్న.

అప్పును ఆదాయంతో పోల్చి చూడాలి. 2023-24లో రాష్ట్రంలో ఏడాది మొత్తం ఉత్పత్తి విలువ సుమారు 15 లక్షల కోట్లు. మొదటి ముక్క ఒక్కటే తీసుకుంటే అప్పు 26 శాతం, రెండోది కలిపితే 34, నాలుగూ కలిపితే 45. ఎవరికి ఏ అంకె నచ్చితే వాళ్లకు ఆ అంకె దొరుకుతుంది. కిస్తీలు బడ్జెట్ నుంచే పోతున్నాయా లేదా అన్నదే కొలత అనుకుంటే, మొదటి రెండూ కలిపిన 5,16,881 కోట్లే ఎక్కువ నిజాయితీ ఉన్న అంకె అని నాకనిపిస్తుంది. విచిత్రంగా రెండు పక్షాల గొడవలో అది పెద్దగా వినబడదు.

బడ్జెట్ పుస్తకంలో మూడు వరుసలు

పేపర్లో వచ్చేది ఎక్కువగా బడ్జెట్ అంచనా, అంటే వచ్చే ఏడాది పెట్టాలనుకున్నది. ఏడాది చివర్లో దాన్ని సవరించి రాసేది సవరించిన అంచనా. ఖాతాలు మూసి తేల్చేది వాస్తవ వ్యయం. అది బడ్జెట్ పుస్తకంలోకి ఎక్కేసరికి రెండేళ్లు పడుతుంది. 2021లో హుజూరాబాద్‌లో మొదలైన, దళిత కుటుంబాలకు సాయమిచ్చే దళితబంధుకు 2022-23లో 17,700 కోట్లు, మరుసటి ఏడాదీ అంతే చూపించారు. పెట్టిన అంకెకు, కుటుంబాలకు అందినదానికి పొంతన లేదు. పథకాన్ని పొగిడినవాళ్లు మొదటి వరుస చదివారు. దండగ అన్నవాళ్లూ ఆ మొదటి వరుస మీదనే కోప్పడ్డారు. రైతు భరోసాకు 2025-26లో చూపించిన 18,000 కోట్లు కూడా మొదటి వరుసలోనిదే.